ఒకే పెట్టెకు రెండు తాళాలు

1995వ సంవత్సరం డిసెంబరు నెల. అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరంలో ఎప్పటిలాగే ఇళ్ళముందు క్రిస్మస్ దీపాలు వెలిగాయి. కాని ఆ దేశంలో లక్షలాది ప్రభుత్వోద్యోగుల కుటుంబాలు ఆ ఏడు పండుగను బెంగతో గడిపాయి. డిసెంబరు 16వ తేదీన కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు చాలావరకు మూతపడ్డాయి. సుమారు 2,84,000 మందిని పనికి రావద్దని ఇంటికి పంపివేశారు. మరో 4,75,000 మందిని పని మానవద్దన్నారు గాని, ఆ పనికి జీతం ఎప్పుడు చేతికి వస్తుందో చెప్పినవారు లేరు. పండుగ వెళ్ళింది, నూతన సంవత్సరం వచ్చింది, తలుపులు తెరుచుకోలేదు. 1996 జనవరి 6 వరకు, అంటే 21 దినాలు, ఇదే పరిస్థితి.

ఆ దేశానికి కరువు రాలేదు, యుద్ధం రాలేదు, ఖజానాలో డబ్బు లేక కాదు. దేశాధ్యక్షుడు ఒక పార్టీవాడు, చట్టసభలు మరొక పార్టీవి. డబ్బు ఎలా ఖర్చు పెట్టాలన్న విషయంలో ఇద్దరికీ పొసగలేదు. అంతే.

ఎక్కడో అమెరికా సంగతి మనకెందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. అయితే మన సంఘాలలో ఎన్నో కుటుంబాల బిడ్డలు నేడు ఆ దేశంలో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడ ప్రభుత్వం మూతపడిందని వార్త వస్తే ఇక్కడ పల్లెలో తల్లిదండ్రులు ఫోను దగ్గర కూర్చుంటున్నారు. వీటో అన్న మాట పేపర్లలో చదువుతున్నాము గాని, అది ఏమిటో, ఎలా పనిచేస్తుందో తెలిసినవారు తక్కువ. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. హక్కు ఉన్న ఇద్దరు పెద్దలు పంతానికి పోయినప్పుడు ఎవరు నష్టపోతారన్నది ఏ దేశంలోనైనా, ఏ ఊరిలోనైనా అడగవలసిన ప్రశ్నే. అందుకే ఈ నెల ఈ విషయాన్ని కొంచెం వివరంగా మీ ముందుంచుతున్నాము.

తాళాలు ఎందుకు రెండు?

మన పల్లె సంఘాలలో కొన్నిచోట్ల కానుకల పెట్టెకు రెండు తాళాలు వేస్తారు. ఒక చెవి పాస్టరుగారి దగ్గర, మరొకటి కోశాధికారి దగ్గర ఉంటుంది. ఇద్దరూ వస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. ఒకరిమీద అనుమానంతో చేసే పని కాదది, ఎవరికీ శోధన కలుగకుండా చేసుకున్న ఏర్పాటు.

1787లో ఫిలడెల్ఫియాలో కూర్చొని అమెరికా రాజ్యాంగం వ్రాసిన పెద్దలు సరిగ్గా ఇలాంటి ఏర్పాటే చేశారు. వారి చట్టసభను కాంగ్రెస్ అంటారు. మన కాంగ్రెస్ పార్టీకీ దానికీ సంబంధం లేదు, అది మన పార్లమెంటు వంటిది. అందులో ప్రతినిధుల సభ, సెనేట్ అని రెండు సభలు. ఒక బిల్లు రెండు సభలలోనూ నెగ్గిన తరువాత అధ్యక్షుని బల్లమీదికి వస్తుంది. ఆయనకు పది దినాల గడువు. ఆ పది దినాలలో ఆదివారాలు లెక్కకు రావని రాజ్యాంగంలోనే వ్రాసి ఉంది. ఆయన సంతకం పెడితే అది చట్టమవుతుంది. ఇష్టం లేకపోతే తన అభ్యంతరాలు కాగితంమీద వ్రాసి, బిల్లు మొదట ఏ సభలో పుట్టిందో ఆ సభకు తిప్పి పంపాలి. దీనినే వీటో అంటారు. లాటిన్ భాషలో ఆ మాటకు "నేను అడ్డుచెబుతున్నాను" అని అర్థం. విచిత్రమేమంటే, ఆ మాట రాజ్యాంగంలో ఎక్కడా లేదు.

తిప్పి పంపినంత మాత్రాన బిల్లు చనిపోదు. రెండు సభలలోనూ మూడింట రెండు వంతుల మంది మళ్ళీ "అవును" అంటే అధ్యక్షుడు వద్దన్నా అది చట్టమే. ప్రతినిధుల సభలో 435 మంది, సెనేట్‌లో 100 మంది ఉన్నారు. అందరూ హాజరై ఓటు వేస్తే 290 మంది అక్కడ, 67 మంది ఇక్కడ కావాలి. అంతమందిని కూడగట్టడం ఎంత కష్టమో చరిత్ర చెబుతుంది. 2025 జనవరి వరకు అధ్యక్షులు వేసిన వీటోలు రమారమి 2,600. అందులో కాంగ్రెస్ త్రోసిపుచ్చగలిగినవి 112 మాత్రమే.

మరొక చిన్న కిటుకు కూడా ఉంది. అధ్యక్షుడు పది దినాలు సంతకం పెట్టక, తిప్పి పంపక ఊరకుంటే బిల్లు దానంతటదే చట్టమవుతుంది. అయితే ఆలోగా కాంగ్రెస్ సమావేశాలు ముగిసిపోతే బిల్లు అక్కడే ఆగిపోతుంది. బిల్లును జేబులో పెట్టుకొని కూర్చున్నట్లు కనుక దీనికి జేబు వీటో అని పేరు వచ్చింది.

మన దేశానికీ వారికీ ఇక్కడ ఒక పెద్ద తేడా ఉంది. మన ప్రధానమంత్రికి లోక్‌సభలో మెజారిటీ లేకపోతే ప్రభుత్వమే పడిపోతుంది. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోవడం మనలో చాలామందికి జ్ఞాపకమే. అమెరికాలో అలా జరగదు. అధ్యక్షుడు నాలుగేళ్ళకు, ప్రతినిధుల సభ సభ్యులు రెండేళ్ళకు, సెనేటర్లు ఆరేళ్ళకు ఎన్నికవుతారు. ఎవరి ఎన్నిక వారిది. ప్రజలు ఒక చేత్తో ఒక పార్టీ అధ్యక్షుని, మరో చేత్తో ఎదుటి పార్టీ సభను ఎన్నుకోవచ్చు. అప్పుడు మాట పడకపోయినా ఒకరినొకరు సాగనంపలేరు. పొత్తు కుదరని అన్నదమ్ములు ఒకే పెరట్లో కాపురముండవలసి వచ్చినట్లు, గడువు తీరేవరకు కలిసే ఉండాలి.

వీటో నడిచిన దారి

మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1792 ఏప్రిల్ 5న మొదటి వీటో వేశాడు. ఏ రాష్ట్రానికి ఎందరు ప్రతినిధులుండాలన్న బిల్లు అది, రాజ్యాంగానికి సరిపడలేదని ఆయన అభ్యంతరం. ఎనిమిదేళ్ళలో ఆయన వేసినవి రెండే. 1832లో ఆండ్రూ జాక్సన్ జాతీయ బ్యాంకు బిల్లును త్రిప్పికొట్టినప్పటినుండి వీటో రాజకీయ ఆయుధమైంది. వీటోను కాంగ్రెస్ మొదటిసారి త్రోసిపుచ్చింది 1845లో, జాన్ టైలర్ పదవి చివరి దినాన.

అంతర్యుద్ధం ముగిసిన తరువాత ఆండ్రూ జాన్సన్‌కు, కాంగ్రెస్‌కు వచ్చిన తగవు అన్నింటిలోకి చేదైనది. దాస్యం నుండి విడుదల పొందిన నల్లజాతివారికి పౌరహక్కులిచ్చే బిల్లును ఆయన వీటో చేశాడు. 1866 ఏప్రిల్‌లో కాంగ్రెస్ ఆ వీటోను త్రోసివేసి చట్టం చేసింది. ఆయన వేసిన 29 వీటోలలో 15 ఇలాగే పోయాయి. కాబట్టి అధ్యక్షుని "వద్దు" ఎల్లప్పుడూ న్యాయం పక్షాన ఉంటుందని చెప్పలేము.

వ్యవసాయ కుటుంబాలు తెలుసుకోదగిన సంగతి ఒకటి 1887లో జరిగింది. టెక్సాస్ రాష్ట్రంలో కొన్ని జిల్లాలలో వానలు లేక పంటలు పోయాయి. విత్తనాలు కొనిపెట్టడానికి కాంగ్రెస్ 10,000 డాలర్లు మంజూరు చేసింది. అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ దానిని వీటో చేశాడు. ప్రజలు ప్రభుత్వాన్ని పోషించాలి గాని ప్రభుత్వం ప్రజలను పోషించడం తగదని, పొరుగువారి దాతృత్వం చాలునని ఆయన వాదన. తరువాత విరాళాలు వచ్చిన మాట నిజమే. కాని విత్తన గింజ కోసం ఎదురుచూచిన రైతుకు ఆ వీటో సందేశం ఎలా వినిపించి ఉంటుందో విత్తనాల అదును తెలిసిన మన పాఠకులు ఊహించగలరు. క్లీవ్‌లాండ్ తన రెండు పదవీకాలాలలో వేసిన వీటోలు 584. వాటిలో ఎక్కువభాగం ఒక్కొక్క వ్యక్తికి పింఛను ఇచ్చే చిన్న బిల్లులు.

అందరికంటే ఎక్కువ వీటోలు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌వి. 12 ఏళ్ళలో 635. ఆయన కాలమంతా రెండు సభలూ ఆయన పార్టీవే! అంటే ఆ దినాలలో వీటో పార్టీల పోరుకు గుర్తు కాదు. ఈ కాలానికి వచ్చేసరికి కథ మారింది. బిల్ క్లింటన్ తన పార్టీకి మెజారిటీ ఉన్న మొదటి రెండేళ్ళలో ఒక్క వీటో వేయలేదు. తరువాతి ఆరేళ్ళలో 37 వేశాడు. చిన్న బుష్ వేసిన 12లో 11, ఎదుటి పార్టీ సభలు గెలిచిన 2007, 2008 సంవత్సరాలలోనివి. ఒబామా వేసిన 12లో 10 చివరి రెండేళ్ళవి. రెండు సభలూ చేజారిన తరువాతే ఈ ఆయుధం ఎక్కువగా బయటికి వచ్చిందని ఈ లెక్కలు చెబుతున్నాయి.

పంతం పట్టిన ఆ శీతాకాలం

ఇప్పుడు 1995కు తిరిగి వద్దాము. 1994 నవంబరు ఎన్నికలలో రిపబ్లికన్ పార్టీ 40 ఏళ్ళ తరువాత ప్రతినిధుల సభను గెలిచింది. సెనేట్ కూడా వారిదే అయింది. సభాపతి న్యూట్ గింగ్రిచ్, సెనేట్ నాయకుడు బాబ్ డోల్. అధ్యక్షుడు క్లింటన్ డెమోక్రాట్.

రెండు పక్షాల మాటలోనూ కొంత న్యాయం ఉన్నదని ముందే చెప్పాలి. ప్రభుత్వం ఆ ఏడు ఆదాయం కంటే 16,400 కోట్ల డాలర్లు ఎక్కువ ఖర్చు పెట్టింది. అప్పు చేసి కాపురం నడపడం మంచిది కాదు, ఏడేళ్ళలో జమాఖర్చులు సరిచేయాలని రిపబ్లికన్లు పట్టుబట్టారు. జమాఖర్చు సరిచేయాలిగాని వృద్ధుల వైద్యం, పేదల వైద్యం, పిల్లల చదువు మీద అంత కోత పెట్టి, మరోవైపు పన్నులు తగ్గించడం తగదని క్లింటన్ అన్నాడు. ఇద్దరూ కూర్చొని మాట్లాడితే తెగే తగవే.

కాని నవంబరు 13న క్లింటన్ తాత్కాలిక ఖర్చుల బిల్లును వీటో చేశాడు. వృద్ధుల వైద్యభీమా రుసుము తగ్గకుండా చేసే నిబంధన అందులో చేర్చారన్నది ఆయన అభ్యంతరం. మరునాటినుండి సుమారు 8 లక్షల మంది ఉద్యోగులను ఇంటికి పంపారు. ఆరు రోజులకు తాత్కాలికంగా తలుపులు తెరిచారు. డిసెంబరు 6న పెద్ద బడ్జెట్ బిల్లు వచ్చింది. 1965లో లిండన్ జాన్సన్ వృద్ధుల వైద్య పథకానికి సంతకం పెట్టిన కలాన్నే తెప్పించి, దానితోనే క్లింటన్ ఆ బిల్లును వీటో చేశాడు. పది దినాల తరువాత రెండవ మూత పడింది.

మధ్యలో ఒక చిన్న సంగతి జరిగింది. ఇశ్రాయేలు ప్రధాని రాబిన్ హత్య జరిగినప్పుడు క్లింటన్, గింగ్రిచ్, డోల్ ఒకే విమానంలో యెరూషలేముకు వెళ్ళి వచ్చారు. ప్రయాణంలో అధ్యక్షుడు తనతో బడ్జెట్ సంగతి మాట్లాడలేదని, విమానం దిగేటప్పుడు తనను వెనుక తలుపునుండి దింపారని, తాను కఠినమైన బిల్లు పంపడానికి అది కూడా ఒక కారణమని గింగ్రిచ్ పత్రికలవారితో అన్నాడు. మరునాడు న్యూయార్క్‌లో ఒక పత్రిక ఆయనను ఏడ్చే పసిపిల్లవానిగా మొదటి పేజీలో బొమ్మ వేసింది. విమానంలో ముగ్గురూ కలిసి కూర్చున్న ఫోటోను అధ్యక్ష భవనం బయటపెట్టింది. జనం నవ్వుకున్నారు. పెళ్ళిలో మర్యాద తక్కువైందని విందు మానుకొని వెళ్ళిన మేనమామను చూచి నవ్వినట్లే. కాని ఆ నవ్వు జీతం రాని ఇంటికి అన్నం పెట్టలేదు.

"ఆంబోతుల కుమ్ములాటలో లేగల కాళ్ళు విరిగాయి" అని మన పెద్దల సామెత. జాతీయ వనాలు, మ్యూజియములు మూతపడ్డాయి. వాటి ప్రక్కన టీ కొట్లు, భోజన హోటళ్ళు నడుపుకొనేవారికి బేరాలు లేవు. అమెరికా పౌరుల పాస్‌పోర్టు దరఖాస్తులు 2 లక్షలు ఆగిపోయాయి. ఇతర దేశాలవారి వీసా దరఖాస్తులు రోజుకు 20 వేల నుండి 30 వేల వరకు అలాగే పడి ఉన్నాయి. ఉద్యోగులకు చివరికి పాత జీతమంతా ఇచ్చారు. అంటే చేయనివ్వని పనికి కూడా ప్రభుత్వం జీతం చెల్లించింది. ఈ రెండు మూతలకూ అయిన నష్టం 140 కోట్ల డాలర్లకు పైనేనని ప్రభుత్వమే లెక్క వేసింది. డబ్బు పొదుపు చేయాలని మొదలైన తగవు అది!

ఒక ప్రశ్న రావచ్చు. బిల్లు ఆగితే కార్యాలయం ఎందుకు మూయాలి? పూర్వం మూసేవారు కాదు. గడువు దాటినా పని సాగుతూనే ఉండేది. సభ మంజూరు చేయకుండా ఏ శాఖా ఖర్చు పెట్టరాదని పాత చట్టం ఒకటుంది. దానిని అక్షరాలా పాటించవలసిందేనని 1980లో అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి అభిప్రాయమిచ్చాడు. ప్రాణరక్షణ, ఆస్తిరక్షణ పనులు మాత్రం ఆగకూడదన్నాడు. అప్పటినుండి పార్టీల తగవు నేరుగా ఉద్యోగి వంటింట్లోకి రావడం మొదలైంది.

బంగాళాదుంపలు, తప్పిపోయిన పేజీలు

అధ్యక్షుడు బిల్లులో మంచి భాగం ఉంచి, చెడ్డ భాగం కొట్టివేయకూడదా అని అడగవచ్చు. అలా కుదరదు. తీసుకుంటే అంతా తీసుకోవాలి, కాదంటే అంతా కాదనాలి. అందుకే ఒకరికొకరు ఇష్టం లేనివాటిని తప్పనిసరి బిల్లులకు తగిలిస్తారు. ఈ చిక్కు తీర్చాలని 1996లో కాంగ్రెసే ఒక చట్టం చేసి, ఖర్చులలో ఒక్కొక్క పద్దును కొట్టివేసే అధికారం అధ్యక్షునికి ఇచ్చింది. 1997లో క్లింటన్ దానిని వాడాడు. ఆయన కొట్టివేసిన వాటిలో, రైతుల సహకార సంఘాలు ఆహార కర్మాగారాలు కొనుక్కోవడానికి వీలిచ్చే పన్ను రాయితీ ఒకటి ఉంది. ఐడహో రాష్ట్రంలో బంగాళాదుంపలు పండించే రైతుల సహకార సంఘం కోర్టుకు వెళ్ళింది. న్యూయార్క్ నగరం కూడా తనకు రావలసిన వైద్య నిధుల కోసం వెళ్ళింది. 1998 జూన్ 25న సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల మాటతో ఆ చట్టాన్నే కొట్టివేసింది. చట్టాన్ని ముక్కలుచేసే అధికారం రాజ్యాంగం ఒక్కరికి ఇవ్వలేదని తీర్పు. దుంపలు పండించే రైతులు అధ్యక్షునితో న్యాయం అడిగి గెలవడం చిన్న సంగతి కాదు.

2008లో మరొక వింత జరిగింది. చిన్న బుష్ వ్యవసాయ బిల్లును వీటో చేశాడు. పంటల ధరలు బాగున్న కాలంలో సంపన్న రైతులకు కూడా అంత సాయమెందుకని ఆయన అభ్యంతరం. కాని పల్లె ప్రాంతాల సభ్యులు రెండు పార్టీలలోనూ ఉన్నారు. వారంతా కలిసి వీటోను త్రోసిపుచ్చారు. తీరా చూస్తే అధ్యక్షునికి పంపిన కాగితాలలో ఒక అధ్యాయం పూర్తిగా తప్పిపోయింది. విదేశాలకు పంపే ఆహార సాయం గురించిన భాగమది. గుమాస్తాల పొరపాటు. బిల్లంతా మళ్ళీ మొదటినుండి నెగ్గించి పంపారు. జూన్ 18న ఆయన మళ్ళీ వీటో వేశాడు. వారు అదే దినాన మళ్ళీ త్రోసిపుచ్చారు. పార్టీ గోడ దాటి కలిసినప్పుడు మూడింట రెండు వంతుల మెట్టు ఎక్కడం సాధ్యమేనని అది చూపింది.

పొసగినప్పుడు ఏమైంది?

అధికారం రెండు పార్టీల మధ్య పంచుకుంటే పని జరగదని తొందరపడి తీర్పు చెప్పకూడదు. యేల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డేవిడ్ మేహ్యూ 1946 నుండి 1990 వరకు వచ్చిన ముఖ్యమైన చట్టాలన్నీ లెక్కవేసి, 1991లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఒకే పార్టీ పాలించిన ఏళ్ళకు, రెండు పార్టీలు పంచుకున్న ఏళ్ళకు చట్టాల సంఖ్యలో పెద్ద తేడా కనబడలేదని ఆయన తేల్చాడు.

హ్యారీ ట్రూమన్ 1947, 48లలో ఎదుటి పార్టీ కాంగ్రెస్‌తో వేగాడు. కార్మికుల చట్టంమీద ఆయన వేసిన వీటోను వారు త్రోసివేశారు. ఏ పనీ చేయని కాంగ్రెస్ అని ఆయన ఊరూరా తిరిగి తిట్టాడు. అయినా యుద్ధంలో శిథిలమైన యూరప్ దేశాలను నిలబెట్టిన మార్షల్ సాయం 1948 ఏప్రిల్‌లో చట్టమైంది ఆ కాంగ్రెస్‌లోనే. దానికి సెనేట్‌లో నడుము కట్టినవాడు ఎదుటి పార్టీకి చెందిన ఆర్థర్ వాండెన్‌బర్గ్.

రోనాల్డ్ రీగన్, సభాపతి టిప్ ఓనీల్ పగలంతా ఒకరినొకరు విమర్శించుకొనేవారు. 1981 మార్చి 30న రీగన్ మీద కాల్పులు జరిగాయి. ఓనీల్ ఆసుపత్రికి వెళ్ళి, మంచం ప్రక్కన మోకరించి, రీగన్ చేయి పట్టుకొని ఇరవై మూడవ కీర్తన ఆయనతో కలిసి చెప్పాడని, ఆ గదిలో ఉన్న అధికారి మాక్స్ ఫ్రీడర్స్‌డార్ఫ్ తరువాత తెలిపాడు. అంతటితో వారి అభిప్రాయభేదాలు తీరిపోలేదు. వారు మళ్ళీ వాదించుకున్నారు, రీగన్ వీటోలు వేశాడు. కాని వృద్ధుల పింఛను నిధి అడుగంటినప్పుడు ఇద్దరూ తమ తమ పార్టీల కోపాన్ని భరించి రాజీకి వచ్చారు. ఆ చట్టంమీద 1983 ఏప్రిల్ 20న సంతకమైంది.

క్లింటన్, గింగ్రిచ్‌ల కథ కూడా మూతతో ముగియలేదు. పేదల సంక్షేమ పథకాలను మార్చే చట్టాన్ని క్లింటన్ రెండుసార్లు వీటో చేశాడు. పేదల వైద్యంమీద కోత తీసివేసి, పని చేసే తల్లుల పిల్లల సంరక్షణకు నిధులు పెంచి మూడవసారి పంపితే, 1996 ఆగస్టు 22న సంతకం పెట్టాడు. అది మంచి చట్టమా కాదా అన్నది అక్కడ నేటికీ వాదమే, దానిని నిరసిస్తూ ఆయన అధికారులే కొందరు రాజీనామా చేశారు. అయితే మేము ఇక్కడ గమనించమనేది ఒకటి. వీటో అంటే "వద్దు" అనడం మాత్రమే కాదు. "ఇలా కాదు, ఇంకొకలా తీసుకొని రండి" అనడం కూడా. అలా అర్థం చేసుకున్నప్పుడు అది సంభాషణలో ఒక భాగమైంది. 1997 ఆగస్టులో ఇద్దరూ జమాఖర్చు సరిచేసే చట్టానికి ఒప్పుకున్నారు. ఆర్థిక వ్యవస్థ కూడా కలిసివచ్చి, 1998లో ప్రభుత్వానికి 1969 తరువాత మొదటిసారిగా మిగులు కనబడింది. 1996 ఎన్నికలలో ప్రజలు క్లింటన్‌ను గెలిపించారు, కాంగ్రెస్‌ను మళ్ళీ రిపబ్లికన్లకే ఇచ్చారు. రెండు చెవులూ ఇద్దరి చేతుల్లోనే ఉంచారు.

పంతం ముదిరిన దినాలు

దురదృష్టవశాత్తు తరువాతి కాలంలో రాజీకి విలువ తగ్గింది. 2013 అక్టోబరులో ఒబామా వైద్యభీమా చట్టంమీద తగవుతో ప్రభుత్వం 16 దినాలు మూతపడింది. ఈసారి వీటో వేయనవసరమే రాలేదు, వేస్తానన్న మాటే చాలింది. ఆ దినాలలో కార్మిక శాఖ పని ఆగిపోయి, అక్కడ ఉద్యోగాలకు వెళ్ళే మన తెలుగు ఇంజనీర్ల వీసాలకు కావలసిన అనుమతి పత్రాలు నిలిచిపోయాయి. సెనేట్‌లో ప్రతి సమావేశం ప్రార్థనతో మొదలవుతుంది. అప్పటి చాప్లెయిన్ బారీ బ్లాక్ ప్రార్థనలోనే సెనేటర్లను మెత్తగా గద్దించాడు. ఈ పిచ్చితనం నుండి తప్పించమని, పైకి వివేకుల్లా మాట్లాడుతూ లోపల మొండికేసే వేషధారణ నుండి విడిపించమని ఆయన దేవుని వేడుకున్నాడు. కన్నులు మూసుకున్న సెనేటర్లకు ఆ మాటలు ఎంతవరకు దిగాయో దేవునికే తెలుసు.

2018 డిసెంబరు 22న సరిహద్దు గోడ నిధుల విషయంలో మూతపడిన ప్రభుత్వం 35 దినాల తరువాత గాని తెరుచుకోలేదు. సుమారు 8 లక్షల మంది జీతాలు ఆగాయి. నెలనెలా జీతం తెచ్చుకొనేవారు ఆహారం పంచే కేంద్రాల ముందు వరుసలో నిలబడ్డారు. చివరికి విమానాలను నడిపించే సిబ్బంది తక్కువై న్యూయార్క్‌లో విమానాలు ఆలస్యమైన దినాననే రాజీ కుదిరింది. శాశ్వత ఉద్యోగులకు పాత జీతం ఇవ్వాలని 2019లో చట్టం చేశారు. కాని కాంట్రాక్టు మీద ఆ కార్యాలయాలు ఊడ్చేవారికి, కాంటీన్లలో వండేవారికి అలాంటి హామీ లేదు.

2025లో అధ్యక్షుడు, రెండు సభలు ఒకే పార్టీవి. అయినా అక్టోబరు 1 నుండి నవంబరు 12 వరకు 43 దినాలు ప్రభుత్వం మూతపడింది. అప్పటివరకు జరిగిన వాటిలో అదే పొడవైనది. సెనేట్‌లో ఇలాంటి బిల్లు ముందుకు సాగాలంటే 60 ఓట్లు కావాలి, పాలక పార్టీకి అన్ని లేవు. నవంబరు నెల వచ్చేసరికి ఆహార సహాయం అందుకొనే సుమారు 4 కోట్ల 20 లక్షల మంది తమ కార్డులో డబ్బు పడుతుందో లేదోనని ఎదురుచూడవలసి వచ్చింది. కాబట్టి దోషం కేవలం పంచుకున్న అధికారానిదని చెప్పడానికి వీలులేదు. ఎదుటివానికి ఒక్క మెట్టు దిగితే తనవారే తనను ద్రోహి అంటారన్న భయం ప్రతి నాయకునిలోనూ పెరిగింది. ఆ భయమే ఎక్కువ తలుపులు మూస్తున్నది.

మన ఇళ్ళకు ఒక మాట

వీటో మంచిదా, చెడ్డదా అని ఎవరైనా అడిగితే మేము ఒక్కమాటలో చెప్పలేము. తొందరపాటు చట్టాన్ని ఆపిన వీటోలున్నాయి. విత్తనం లేని రైతుకు, విడుదలైన దాసునికి అడ్డుపడిన వీటోలూ ఉన్నాయి. అడ్డుచెప్పే హక్కు ఒకరికి ఉండడం అవసరమే. ఎవరూ అడ్డుచెప్పలేని ఇల్లు, సంఘం, దేశం త్వరగా దారి తప్పుతాయి. అయితే ఆ రాజ్యాంగం వ్రాసినవారు అడ్డుచెప్పేవానికి ఒక బాధ్యత కూడా పెట్టారు. కారణం వ్రాసి ఇవ్వాలి. అవతలివారు ఆ కారణాన్ని తమ పుస్తకంలో నమోదు చేసుకొని, మళ్ళీ ఆలోచించాలి. ఆ నియమం మనకు చాలా నచ్చవలసినది. మన సంఘ కమిటీలలో, సహకార సంఘాలలో, పొలం గట్ల తగవులలో "నేనొప్పుకోను" అనేవారున్నారు. ఎందుకు ఒప్పుకోరో నెమ్మదిగా చెప్పేవారు, చెప్పినది చివరివరకు వినేవారు తక్కువ.

ఇలాంటి తగవు పట్టుకున్నప్పుడు ముందుగా అడగవలసినది "ఎవరు గెలుస్తారు" అని కాదు, "మనం ఇలా కూర్చుంటే సాయంత్రానికి ఎవరింట పొయ్యి వెలగదు" అని. 1995 క్రిస్మస్‌కు వాషింగ్టన్‌లో ఆ ప్రశ్న ఆలస్యంగా అడిగారు. జనవరి మొదటివారంలో సెనేట్ నాయకుడు బాబ్ డోల్ ఇక చాలునని తన పార్టీవారితో గట్టిగా అన్నాడు. జనవరి 6న తలుపులు తెరవడానికి ఒప్పందమైంది. అదే దినాన గొప్ప మంచు తుఫాను మొదలై, రోడ్లు మూసుకుపోయి, తెరిచిన కార్యాలయాలకు ఉద్యోగులు మరికొన్ని దినాలు చేరుకోలేకపోయారు. మంచు ఎవరి మాటా వినదు, అది కరిగేవరకు ఆగవలసిందే. మనుషులు వేసిన తాళం సంగతి వేరు. వేయడానికి ఒక్కరు చాలు. తీయడానికి ఇద్దరూ రావాలి.